వడ్ల కల్లం మీద తుపాను గీతలు: టెంపెస్ట్ ఎక్స్‌ట్రీమ్స్‌తో మూడు సీజన్లు

టార్పాలిన్ పట్టా కప్పాలా, తీయాలా? అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా మా సెంటర్లో రోజూ తెల్లారేది ఈ ప్రశ్నతోనే. మాది నిడమనూరు మండలం, సాగర్ ఎడమ కాల్వ కింద ఒక ఊరు. సీజన్‌లో మహిళా సంఘం నడిపే వడ్ల కొనుగోలు సెంటర్లో ట్యాబ్ ఎంట్రీ నా పని. రైతు పాస్‌బుక్ నంబరు, బస్తాల లెక్క, ఏ లారీ ఏ మిల్లుకు పోయింది, అన్నీ నేనే ఎక్కిస్తాను. నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చదివాను. ఆ చదువు వడ్ల కుప్పల దగ్గర ఇంత అక్కరకొస్తుందని అప్పుడు అనుకోలేదు.

టెంపెస్ట్ ఎక్స్‌ట్రీమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి ఈ రివ్యూ. వాతావరణ అంచనాల డేటా దానికి అందిస్తే, అందులో అల్పపీడనాలు, వాయుగుండాలు, తుపాన్లు ఎక్కడున్నాయో తనే వెతికి, అవి ఏ దారిన పోతాయో వరస కట్టి ఇస్తుంది. 2024 వానాకాలం, 2025 యాసంగి, 2025 వానాకాలం, ఈ మూడు సీజన్లు వాడాను. దాని వల్ల మేలు జరగడం చూశాను, నేను సరిగ్గా చెప్పకపోవడం వల్ల ఒక రైతు నష్టపోవడమూ చూశాను. రెండూ రాస్తాను.

ముందు వడ్ల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా దగ్గర సన్నవడ్లు చాలావరకు పచ్చివే ట్రాక్టర్లలో మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. సెంటర్‌కు వచ్చేవి ఎక్కువగా దొడ్డువడ్లు. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టడానికి లేదు. హార్వెస్టర్ నుంచి దిగిన వడ్లను గుప్పిట్లోకి తీసుకుంటేనే తెలిసిపోతుంది, చల్లగా, బరువుగా ఉంటాయి. మీటర్‌లో పోస్తే 22, 24 చూపిస్తుంది. అది 17కు దిగాలంటే మంచి ఎండ నాలుగు రోజులు కాయాలి. పొద్దున పరచాలి, మధ్యాహ్నం కాళ్లతో తిరగేయాలి, మంచు పడకముందే మళ్లీ కుప్ప చేయాలి. వాన భయంతో పగలు పట్టా కప్పితే లోపల ఆవిరి పడుతుంది. తేమ దిగకపోగా వడ్లు వేడెక్కి ముక్కిన వాసన కొడతాయి. అందుకని రాని వానను వస్తుందని చెప్పినా మాకు నష్టమే.

అలా చెప్పే యాప్ ఒకటి మా ఊళ్లో అందరి ఫోన్లలోనూ ఉంది. పేరు రాయను. 2024 అక్టోబరులో బంగాళాఖాతంలో దానా తుపాను లేచినప్పుడు ఆ యాప్ వరసగా మూడు రోజులు మబ్బు బొమ్మ, చినుకులు, పక్కన 60 శాతం, 70 శాతం అని చూపించింది. టీవీలో కూడా తుపాను, తుపాను అని ఒకటే మోత. మా రైతులు మూడు రోజులూ పట్టాలు తీయలేదు. తుపానేమో ఒడిశా వైపు పోయి, 24 అర్ధరాత్రి దాటాక ధామ్రా దగ్గర తీరం తాకింది. మా దగ్గర మూడు రోజుల ఎండ పట్టా మీదే కాసింది. నాలుగో రోజు మీటర్ పెడితే 21. ఒక చిన్నమ్మ ఆ అంకె చూసి, "మూడొద్దుల ఎండ మట్టిల పాయె గద బిడ్డా" అంది. ఆ రాత్రే ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. తుపాను ఎటు పోతుందో ముందే తెలుసుకునే దారి లేదా అని వెతికితే ఇది దొరికింది.

దీన్ని తయారు చేసినవాళ్లు పాల్ ఉల్రిచ్, కోలిన్ జార్జికి అనే అమెరికా పరిశోధకులు. 2017లో ఒక పరిశోధన పత్రికలో ప్రకటించారు, తర్వాత పెద్ద పెద్ద సంస్థల వాళ్లు కూడా వాతావరణ మార్పుల అధ్యయనాలకు దీన్నే వాడుతున్నారు. వాళ్ల అవసరం వందేళ్ల డేటాలో ఎన్ని తుపాన్లు వచ్చాయో లెక్కపెట్టడం, నాకు కావాల్సింది రాబోయే ఐదు రోజులు. ఈ తేడా వల్ల నేను సెట్టింగులు చాలా మార్చుకోవాల్సి వచ్చింది. వాడబోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

డేటా యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం నుంచి తీసుకుంటాను. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటుంది, ఈసీఎండబ్ల్యూఎఫ్ అంటారు. వాళ్లు తమ అంచనాలను 0.25 డిగ్రీ గడుల్లో ఉచితంగా అందరికీ పెడతారు. అంటే మన దగ్గర దాదాపు 28 కిలోమీటర్లకు ఒక గడి. ఆ లెక్కన నిడమనూరు, హాలియా, త్రిపురారం అన్నీ ఇంచుమించు ఒకే గడిలో పడతాయి. అసలు గొప్పతనం ఎక్కడుందంటే, వాళ్లు ఒకే అంచనాను 51 సార్లు నడుపుతారు. మొదలుపెట్టే లెక్కల్లో కొంచెం కొంచెం మార్పు చేసి, 51 రకాల రేపటిని తయారు చేస్తారు. ఫోన్ యాప్‌లో 70 శాతం అని ఒక అంకె చూస్తే అది ఎలా వచ్చిందో మనకు తెలియదు. ఇక్కడ 51 గీతలూ కళ్ల ముందే ఉంటాయి.

ప్రోగ్రామ్ రెండు దశల్లో పని చేస్తుంది. మొదటి దశ పేరు డిటెక్ట్‌నోడ్స్. ప్రతి గడిలో సముద్రమట్ట పీడనం ఎంతుందో చూసి, చుట్టుపక్కల గడులన్నిటికంటే తక్కువున్న చోట్లను ఏరుతుంది. అలాంటి చోట్లు వందల్లో వస్తాయి. అందుకని పరీక్ష పెడుతుంది. ఆ చోటు నుంచి 5.5 డిగ్రీల లోపు, అంటే సుమారు 600 కిలోమీటర్ల లోపు, ఏ దిక్కుకు బయల్దేరినా పీడనం కనీసం 2 హెక్టాపాస్కల్స్ (మిల్లీబార్లన్నా అదే) పెరిగి తీరాలి. కాల్వ కింద పుట్టి పెరిగినదాన్ని, నాకు ఇది గట్టులాగే అర్థమైంది. చుట్టూ గట్టు ఎక్కడా తెగకుండా ఉంటేనే అది గుంట. ఒక్క దిక్కున గండి ఉన్నా లెక్కలోకి రాదు. మన వాతావరణ శాఖ వాళ్లు చేత్తో మ్యాపులు గీసిన కాలంలో కూడా ఇదే పద్ధతి, 2 మిల్లీబార్ల తేడాతో గీతలు గీసి, మూసుకున్న వలయాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి అల్పపీడనమా, వాయుగుండమా తేల్చేవాళ్లు.

తుపాన్ల కోసమైతే ఇంకో పరీక్ష ఉంది. తుపాను నడిమి భాగం పైన వెచ్చగా ఉంటుంది. గాలి వెచ్చబడితే ఉబ్బుతుంది కాబట్టి, పీడనం 500 హెక్టాపాస్కల్స్ ఉండే మట్టానికీ 300 హెక్టాపాస్కల్స్ ఉండే మట్టానికీ మధ్య ఉన్న గాలి పొర నడిమి భాగంలో మందంగా ఉండి, చుట్టూ కనీసం 6 మీటర్లు పలచబడాలి. భూమికి ఐదారు నుంచి తొమ్మిది కిలోమీటర్ల ఎత్తులో ఆరు మీటర్ల తేడా. అంత చిన్న తేడాను పట్టుకుని ఇది తుపాను, ఇది వేరే రకం అని విడదీస్తుందంటే, చదివిన రోజు నాకు ఒళ్లు జలదరించింది.

రెండో దశ స్టిచ్‌నోడ్స్. స్టిచ్ అంటే కుట్టడం. కాంటా అయిన బస్తా మూతిని మా హమాలీలు సుతిలితో కుట్టినట్టు, ఆరు గంటలకొకటి చొప్పున దొరికిన చుక్కలను ఒక గీతగా కుడుతుంది. ఈ చుక్క ఆ చుక్కకు తర్వాతిదే అని ఎలా తెలుస్తుంది? ఎంత దూరం లోపు ఉంటే ఒకటేనని అనుకోవాలో మనం చెప్పాలి. మామూలు సెట్టింగులో 8 డిగ్రీలు ఉంటుంది. మన బంగాళాఖాతంలో తుపాను గంటకు 15, 20 కిలోమీటర్లు నడిస్తే ఆరు గంటలకు ఒక డిగ్రీ చుట్టుపక్కలే. అందుకే నేను 3 డిగ్రీలకు తగ్గించాను. లేకపోతే బంగాళాఖాతంలో ఉన్న చుక్కను కొంకణ తీరంలో ఉన్న ఇంకో చుక్కతో కలిపి కుట్టిన సందర్భాలు చూశాను.

ఇన్‌స్టాల్ చేయడం గురించి ఎక్కువ చెప్పను. లైనక్స్ వచ్చినవాళ్లకు కొండా అనే ఇన్‌స్టాలర్ ద్వారా ఒక కమాండ్. విండోస్‌లో బటన్లు నొక్కి వాడే సరుకు ఇది కాదు, అంతా నల్ల స్క్రీన్ మీద టైప్ చేయడమే. డేటా గ్రిబ్ ఫైళ్లలో వస్తుంది, దాన్ని నెట్‌సీడీఎఫ్ అనే ఇంకో రకం ఫైలుకు మార్చుకోవాలి. మన ప్రాంతం వరకు కోసి ఇవ్వరు, భూగోళమంతా దింపుకుని మనమే కోసుకోవాలి. 51 గీతలకూ అన్నీ దింపితే ఫోన్ హాట్‌స్పాట్ తట్టుకోదు. నేను ఒక్క ప్రధాన అంచనాకు మాత్రం అన్నీ దింపి, మిగతావాటికి పీడనం, గాలి మాత్రమే తీసుకుంటాను. ఉదయం 5:30 లెక్కతో నడిచే అంచనా మధ్యాహ్నం దాటాకే చేతికొస్తుంది. సెంటర్లో మధ్యాహ్నం అన్నం తినే టైములో దింపడానికి పెడితే, సాయంత్రం కుప్పలు చేసే వేళకు గీతలు తయారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పక చెప్పాలి. పీడనం ఇక్కడ పాస్కల్స్‌లో ఉంటుంది. 2 హెక్టాపాస్కల్స్ అంటే 200 అని కొట్టాలి. మొదటి రోజు నేను 2 అని కొట్టాను. మ్యాప్ మీద సముద్రమంతా, నేలంతా చుక్కలే చుక్కలు, పెద్ద పండుగకు వాకిలి నిండా పెట్టిన ముగ్గులా వచ్చింది. గట్టు వెంట్రుక మందం ఉన్నా గుంటేనని నేనే చెప్పాను మరి. రాత్రి పదకొండు దాకా సాఫ్ట్‌వేర్ చెడిపోయిందేమోనని కూర్చుని, తర్వాత రెండు సున్నాలు చేర్చాను. బంగాళాఖాతంలో ఒక్క చుక్క మిగిలింది.

నమ్మే ముందు పాత వాటి మీద పరీక్షించాను. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటి, హైదరాబాద్‌ను ముంచిన తీవ్ర వాయుగుండం అందరికీ గుర్తుండే ఉంటుంది. అది తెలంగాణ మీదుగా నడిచి మహారాష్ట్ర దాటి అరేబియా సముద్రంలోకి పోయింది. ఇంకోటి 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్. దాని మిగులు కూడా మన మీదుగానే పోయి అరేబియాలో మళ్లీ బలపడి షాహీన్ అనే కొత్త పేరు తెచ్చుకుంది. ఈ రెండింటి పాత డేటా ఉచితంగా దొరుకుతుంది. మామూలు సెట్టింగులతో నడిపితే సముద్రం మీద గీత చక్కగా వచ్చింది, నేల మీదికి రాగానే తెగిపోయింది, మళ్లీ అరేబియాలో కొత్త గీతగా మొదలైంది. నేల మీద వేడి నడిమి భాగం ఉండదు, గట్టు 2 హెక్టాపాస్కల్స్ కంటే తగ్గిపోతుంది, అందుకే పరీక్ష తప్పుతుంది. నేల మీద ఉన్న ఆ తెగిన భాగమే మా తెలంగాణ. ఆ రోజు ఆ ఖాళీని చూశాను గానీ, దాని బరువెంతో నాకు 2025 అక్టోబరు దాకా తెలియలేదు.

2024 నవంబరులో ఫెంగల్ తుపాను వచ్చినప్పుడు ఇది బ్రహ్మాండంగా పనికొచ్చింది. గీతలన్నీ తమిళనాడు వైపే చూపించాయి. మబ్బు పట్టిన రోజుల్లో కూడా, కేంద్రం ఇటు రాదు, జల్లు పడితే పడొచ్చు గానీ కుండపోత ఉండదు, కుప్పలు పలచగా పరచండి అని చెప్పాను. నవంబరు 30న అది పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఆ వారం మా సెంటర్లో కాంటాలు ఆగలేదు. అప్పటి నుంచి సాయంత్రం అయితే ల్యాప్‌టాప్ చుట్టూ పది మంది మూగేవాళ్లు. "ఇయ్యాల గీతలు ఎటు బోతున్నయ్?" అనేది పలకరింపు అయిపోయింది.

యాసంగి సంగతి వేరు. అక్కడ ఈ సాఫ్ట్‌వేర్ నాకు అస్సలు ఉపయోగపడలేదు, తప్పు దానిది అనను. ఏప్రిల్, మే నెలల్లో మా వడ్లను ముంచేది గాలివాన, వడగండ్లు. మధ్యాహ్నం నిప్పులు కురిసి, నాలుగింటికి పడమట మబ్బు లేచి, అరగంటలో కల్లం నాశనం చేసి పోతుంది. దానికి కేంద్రం, గట్టు ఏవీ లేవు, 28 కిలోమీటర్ల గడిలో అది కనపడనే కనపడదు. పైగా ఎండలకు నేల కాగిపోయి పీడనం తగ్గడం వల్ల ఉత్తుత్తి చుక్కలు పుట్టుకొస్తాయి. 2025 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఏ అల్పపీడన వ్యవస్థా లేదని చూసి నేను నిశ్చింతగా ఉన్నాను. గాలివాన వచ్చి పట్టాలను కాల్వ దాకా ఎగరగొట్టింది. ఆ కాలానికి వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం మూడు గంటలకు సరిపడా ఇచ్చే తక్షణ హెచ్చరికలు, రాడార్ బొమ్మలు, పిడుగులకు దామిని యాప్, ఇవే దిక్కు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారు చేసిన దామిని మా సెంటర్లో హమాలీల ఫోన్లలో కూడా ఇప్పుడు పెట్టించాను.

ఇక 2025 అక్టోబరులో వచ్చిన మొంథా తుపాను. అక్టోబరు 22 నాటి గీతల్లోనే బంగాళాఖాతంలో ఏదో లేస్తుందని కనిపించింది. కానీ 51 గీతలూ విసనకర్ర తెరిచినట్టు నెల్లూరు నుంచి ఒడిశా దాకా పరుచుకున్నాయి. ఇంత వెడల్పుగా ఉంటే దేనికీ తొందరపడకూడదని అప్పటికి నేర్చుకున్నాను. 25 నాటికి విసనకర్ర ముడుచుకుంటూ కోస్తా నడుమకు వచ్చింది. అప్పుడు మా సంఘం అధ్యక్షురాలు అక్కను తీసుకెళ్లి చూపించాను. ఆమె చదువుకున్నది ఏడో తరగతి. గీతలు దగ్గరికి రావడం చూసి వెంటనే అడిగింది, "అంటే వాటికి ఒక మాట మీద నమ్మకం కుదిరిందన్నట్టా?" నాకు ఆ సంగతి అంత తేలిక మాటల్లో ఎవరూ చెప్పలేదు.

26, 27 తేదీల్లో రాత్రింబవళ్లు పని చేశాం. తేమ 17 దగ్గరికి వచ్చినవన్నీ ముందు కాంటా పెట్టించాం. హమాలీలు పొద్దుపోయేదాకా కుట్టారు. లారీలు దొరికినన్ని దొరికాయి, దొరకనివాటి బస్తాలను స్కూలు వరండాలోకి మోసుకెళ్లాం. మిగిలిన కుప్పలను ఎత్తు ఉన్న వైపుకు జరిపి, చుట్టూ పారతో కాల్వ తీయించాం. 27కు అది తుపాను అయింది, 28కి తీవ్ర తుపాను. సెంటర్లో ఆ రోజు ఎక్కువ భాగం వడ్లు కప్పు కిందికో, బస్తాల్లోకో చేరాయి. ఐదు రోజుల ముందు గీతలు చూడకపోతే అది జరిగేది కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

28 సాయంత్రం. వాన ఇంకా మొదలు కాలేదు. ఒక పెద్దబాపు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన కుప్ప కొంచెం పల్లంలో ఉంది, మీద ఒకటే పట్టా. స్క్రీన్ మీద గీతలు కోనసీమ దగ్గర తీరం దాటి, ఖమ్మం దిక్కు తిరిగి, అక్కడ ఆగిపోయాయి.

"మన మీదికి రాదు గద బిడ్డా?"

"నడిమి భాగం ఖమ్మం, వరంగల్ దిక్కు పోతది పెద్దబాపు" అన్నాను. ఇంకో మాట చెప్పాల్సి ఉంది. అప్పుడే లారీ డ్రైవర్ ఫోన్ వచ్చింది. నేను ఫోన్ మాట్లాడి తిరిగి చూసేసరికి ఆయన వెళ్లిపోయాడు. రెండో పట్టా తీసుకోలేదు.

ఆ రాత్రి నర్సాపురం దగ్గర మొంథా తీరం దాటింది. 29న తెలంగాణ అంతా కుండపోత. వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. కేంద్రం నుంచి అంత దూరంలో ఉన్న మా దేవరకొండ, అవతల అచ్చంపేట దిక్కు కూడా వాగులు పొంగాయి. మా ఊళ్లోనూ పొద్దంతా వదలకుండా కురిసింది. నా గీత ఆగిన చోట వాన ఆగలేదు.

30న వాన వెలిశాక పెద్దబాపు కుప్ప దగ్గరికి పోయాను. పైన పట్టా కింద వడ్లు పొడిగానే ఉన్నాయి. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి చూస్తే అడుగున వేడి, అన్నం గిన్నె మూత తీసినంత వేడి. పిడికిలితో తీసి చూస్తే గింజ ఉబ్బి, కొన కొంచెం పగిలి ఉంది. మరుసటి రోజుకు ఆ పగిలిన చోట తెల్లటి మొలక, సూది మొన అంత. అడుగువి విడదీస్తే 11 బస్తాలు తేలాయి. బస్తాకు 40 కిలోలు, ఆ సీజన్‌లో ‘ఏ’ గ్రేడ్ మద్దతు ధర క్వింటాలుకు 2389 రూపాయలు, ఎవరైనా లెక్క వేసుకోవచ్చు, 10 వేల రూపాయల పైమాటే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మొలకెత్తిన వడ్లను ఎండలో పరుస్తూ, "వాన మీద పగ పడితే ఏమొస్తది" అన్నాడు. నేను ఆ రోజంతా ఆయనతో పాటు వడ్లు తిరగేశాను.

ఆ తర్వాత వారం సెట్టింగులు మొత్తం మళ్లీ రాశాను. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఈ భాగమే. నాలాగా నేల లోపలి ఊళ్లలో ఉండి దీన్ని వాడేవాళ్లు తుపాను సెట్టింగులు అలాగే ఉంచకండి. వేడి నడిమి భాగం పరీక్ష తీసేయండి. గట్టు ఎత్తును 200 నుంచి 100 పాస్కల్స్‌కు దించండి. మామూలుగా పది మెట్లు (ఆరు గంటలకొక మెట్టు), అంటే రెండు రోజులకు పైగా బతికి, కనీసం పది మెట్లలో గాలి సెకనుకు 10 మీటర్లు ఉంటేనే గీత ఉంచుతుంది. గంటకు 36 కిలోమీటర్లన్నమాట, మన వాతావరణ శాఖ లెక్కలో గంటకు 31 నుంచే వాయుగుండం. ఈ షరతు ఉంటే జులై, ఆగస్టుల్లో మనకు వానలిచ్చే అల్పపీడనాలు ఒక్కటీ గీతలోకి రావు. గాలి షరతు తీసేసి, నాలుగు మెట్లు బతికితే చాలని పెట్టాను.

ఉత్తుత్తి చుక్కలు పెరుగుతాయి, నిజమే. దానికి మందు కూడా ఉంది. ఉల్రిచ్ భాగస్వామిగా విష్ణు, బూస్, ఓబ్రయన్ అనే పరిశోధకులు 2020లో ఇదే సాఫ్ట్‌వేర్‌తో మన రుతుపవన అల్పపీడనాలను పట్టుకోవడానికి ఏ కొలత మంచిదని ఎన్నో రకాలుగా నడిపి చూశారు. పీడనం కంటే, దాదాపు కిలోమీటరున్నర ఎత్తులో, అంటే 850 హెక్టాపాస్కల్స్ దగ్గర గాలి సుడి తిరిగే తీరును స్ట్రీమ్‌ఫంక్షన్‌గా లెక్కకట్టి, దాని మీద వెతికితే మేలని తేల్చారు. టీవీలో ఉపరితల ఆవర్తనం అని వింటామే, దాన్ని పట్టుకోవడానికి ఇది దగ్గరి దారి. గాలి డేటా నుంచి స్ట్రీమ్‌ఫంక్షన్ మనమే కట్టుకోవాలి, కొంచెం శ్రమ. కానీ 2020 అక్టోబరు వాయుగుండాన్ని ఈ పద్ధతిలో మళ్లీ నడిపితే గీత తెలంగాణ మీద తెగలేదు. కాకినాడ నుంచి అరేబియా దాకా ఒకే కుట్టు. అది స్క్రీన్ మీద చూసినప్పుడు మా ఆయనను నిద్ర లేపి మరీ చూపించాను.

రెండో మార్పు ఇంకా ముఖ్యం. ఈ సాఫ్ట్‌వేర్‌లోనే నోడ్‌ఫైల్‌ఫిల్టర్ అని ఒక పనిముట్టు ఉంది. గీత చుట్టూ ఎన్ని డిగ్రీల లోపు పడే వానను ఆ వ్యవస్థకు చెందిందిగా చూడాలో చెప్తే, అంతవరకు వాన డేటాను విడదీసి ఇస్తుంది. ఇప్పుడు నేను ఉత్త గీతలు ఎవరికీ చూపించను. గీతల చుట్టూ 5 డిగ్రీల వెడల్పున వాన రంగులు వేసి, నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట జిల్లాల హద్దులు పైన గీసి చూపిస్తాను. ఇప్పుడు ఎవరైనా మన మీదికి రాదు గదా అని అడిగితే, రంగు మన మీద ఉందో లేదో వాళ్లే చూస్తారు.

కమాండ్లు రానివాళ్లకు కూడా కొంత దారి ఉంది. ఈసీఎండబ్ల్యూఎఫ్ వాళ్ల చార్టుల సైట్లో తుపాను గీతలు, ఏ ప్రాంతానికి 300 కిలోమీటర్ల లోపు తుపాను వచ్చే అవకాశం ఎంత అనే రంగుల మ్యాపులు ఉచితంగా చూడొచ్చు. 2025 ఫిబ్రవరి నుంచి వాళ్ల ఏఐ మోడల్ అంచనాలు కూడా అధికారికంగా రోజూ వస్తున్నాయి, నేను రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. కానీ ఆ సైట్లో వ్యవస్థ ఏదో నిర్ణయించే గీటురాయి వాళ్లది. మన ఊరికి కావాల్సిన గీటురాయి మనమే పెట్టుకోవాలంటే టెంపెస్ట్ ఎక్స్‌ట్రీమ్స్ లాంటిదే కావాలి. ఇంకోటి, ఇది ఇంట్లో కూర్చుని చేసే లెక్క. హెచ్చరిక ఇచ్చే అధికారం, బాధ్యత వాతావరణ శాఖవి. వాళ్ల బులెటిన్‌కూ నా గీతలకూ పొంతన కుదరని రోజున మా సెంటర్లో బులెటిన్ మాటే నడుస్తుంది.

వానాకాలం వడ్లకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. యాసంగికి ఒకటి. పత్తి రైతులకు కూడా నాలుగు ఇవ్వొచ్చు, ఎందుకంటే పత్తి తీతలు మొదలయ్యే నెలలూ ఇవే, తడిసిన పత్తి ధర ఎంత పడిపోతుందో దేవరకొండ, మునుగోడు దిక్కు వాళ్లను అడగక్కర్లేదు. నేర్చుకోవడానికి నాకు పది రాత్రులు పట్టింది. కంప్యూటర్స్ చదివిన పిల్లలు ఇంట్లో ఉంటే ఐదు చాలు.

నా సెట్టింగులు, స్ట్రీమ్‌ఫంక్షన్ కట్టే చిన్న ప్రోగ్రామ్, జిల్లాల హద్దుల ఫైలు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టాను, ఏ అంకె ఎందుకు మార్చానో తెలుగులో పక్కన రాసి. చుట్టుపక్కల సెంటర్ల వాళ్లు ఎవరైనా అక్టోబరు మొదట్లో మా సెంటర్‌కు పెన్‌డ్రైవ్ తీసుకుని రండి, ఎక్కించి ఇస్తాను. పొద్దున పూట రండి. సాయంత్రమైతే పెద్దబాపు నా పక్క కుర్చీలో ఉంటాడు, రంగులు చూడనిదే లేవడు.